సానపట్టిన నీడ

శనివారం పొద్దున పటమట ధర్మం కొట్టు కాడికి రండి, ఈ బెజవాడ ఎట్టా తయారయిందో చూద్దురుగాని. షట్టరు సగం లేవకముందే జనం కిందనుంచి దూరతారు. వంగలేనోళ్ళని తోసుకుంటా పోతారు. బియ్యం కోసం కాదు, మందుల కోసం కాదు. ఎవరో వాడి పారేసిన గేము బిళ్ళల కోసం.

ధర్మం కొట్టంటే ఒక ట్రస్టు వాళ్ళది. ఇళ్ళల్లో అక్కర్లేని చీరలు, కుక్కర్లు, పిల్లల సైకిళ్ళు జనం తెచ్చి ఊరికే ఇచ్చిపోతారు. వాళ్ళు వాటిని తుడిచి తక్కువకి అమ్మి, వచ్చినదాంతో పేద రోగులకి అన్నం పెడతారు. మంచి పనే. అన్నం పెట్టే చేతిని నేను తిట్టను. నేను తిట్టేది ఆ కొట్టు వెనక గదిలో ఉన్న మిషన్ని.

తెలియనోళ్ళకి ముందు బిళ్ళ సంగతి చెప్పాలి. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. టీవీ కింద డబ్బాలో దోపితే తెరమీద రోడ్డొస్తుంది, మన చేతిలో స్టీరింగుంటది. ఇదివరకు గేమంటే అంతే. ఈమధ్య వచ్చే బిళ్ళల్లో ఒక చిప్పు పెట్టారు. ఆడే మనిషి చెయ్యి ఎట్టా పోతోందో అది పట్టుకుంటది. ఎక్కడ బ్రేకు తొక్కాడు, మలుపులో ఎంత తిప్పాడు, హారను ఎట్టా కొట్టాడు, అంతా. రెండ్రోజులు ఆడితే పట్టదు. నెలల తరబడి ఆడాలి. తర్వాత ఆ బిళ్ళ ఇంకోడు తీసుకెళ్ళి పెట్టుకున్నాడనుకోండి, అదే రోడ్డు మీద మొదటోడి బండి కూడా పోతా ఉంటది, అచ్చం ఆ మొదటోడు నడిపినట్టే. దాన్ని నీడ అంటారు. కొత్త బిళ్ళ కొంటే రోడ్డంతా ఖాళీ, నీతో ఎవరూ ఉండరు. అందుకే కొత్తవి షోరూముల్లో దుమ్ముకొట్టుకుంటన్నాయి, వాడినవాటికి జుట్లు పట్టుకుంటన్నారు.

డ్రైవింగు స్కూళ్ళోళ్ళు కూడా ఇవే కొంటారు. పెట్రోలు ఖర్చు లేదు కదా. కుర్రాళ్ళని నీడల మధ్యన కూర్చోబెట్టి లైసెన్సు ఇప్పిస్తారు. ఇప్పుడు ఊళ్ళో కారు నడిపే కుర్రకారంతా అట్టా నేర్చుకున్నోళ్ళే.

మా ఆయన ఆటోనగర్లో లారీ డ్రైవరు. బసవయ్య డ్రైవరంటే రాయపూర్ రోడ్డు మీద దాబాలోళ్ళందరికీ తెలుసు. మోకాళ్ళు అరిగిపోయి బండి దిగేశాక ఇంట్లో గోడలకేసి చూస్తా కూర్చునేవాడు. మాకు పిల్లల్లేరు. నాతో మాట్లాడితే ఎంతసేపు మాట్లాడతాడు. ఒకనాడు ఆ ధర్మం కొట్టులోనే లారీ గేము దొరికింది. ఇహ చూడండి, మనిషికి మళ్ళీ రంగొచ్చింది. స్టూలేసి నన్ను ఎడంపక్కన కూర్చోబెట్టేవాడు. క్లీనరు లేకుండా బండి కదలదే అనేవాడు.

దసరాకి ఆ బిళ్ళకి ఆయుధపూజ చేశాడు. లారీకి చేసినట్టే, పసుపు రాసి కుంకం బొట్టు పెట్టాడు. తడి పసుపు సందుల్లోకి దిగి గేము ఆగిపోయింది. రబ్బరుతో రుద్ది, నోటితో ఊది, నానా అవస్థా పడి బాగుచేసుకున్నాడు. "లారీకి పెడితే పరిగెత్తింది, దీనికేమొచ్చిందే రోగం" అని దాన్నే తిట్టాడు.

ఆయన ఆట చూసి తీరాలి. వెనకాల ఏ నీడైనా హారను కొడితే చాలు, బండి ఎడమ చక్రాలు మట్టిలోకి దింపి, కుడి చెయ్యి బయటికి చాపి, పో నాయనా పో అని ఊపేవాడు. బయటంటే మా గదిలోనే. ఆ చెయ్యి తగిలి మంచినీళ్ళ చెంబు దొర్లేది.

"మార్కులు పోతన్నాయి చూడు" అనేదాన్ని.

"మార్కులు ఎవడిక్కావాలే. ఎనకోడి ఇంట్లో ఎవరికి బాగోలేదో ఏమో."

అట్టాంటి మనిషికి ఒకనాటి మధ్యాన్నం గుండె పట్టేసింది. అంబులెన్సొచ్చింది. బెంజి సర్కిల్ కాడ ఇరుక్కుంది. సైరను మోగతానే ఉంది. ముందు కార్లో కుర్రాడు అద్దంలోంచి చూస్తన్నాడు, వాడి కళ్ళు నాకు కనపడతన్నాయి. జరగడు. పక్కనోడూ జరగడు. చోటు లేక కాదు, లారీ పట్టేంత చోటుంది ఎడంపక్కన. అంబులెన్సు డ్రైవరు దిగి చేతులు జోడించాడు. వాళ్ళు అద్దాలెత్తుకున్నారు. ఆసుపత్రికి చేరేసరికి నా ఒళ్ళో మనిషి చల్లబడిపోయాడు. ఊరందరికీ సైడిచ్చినోడికి ఊళ్ళో ఒక్కడు సైడివ్వలేదు.

పెద్దకర్మ నాడు పోయినోళ్ళ సామాను దానం ఇస్తాం కదా, మంచం, దుప్పటి, గొడుగు, చెప్పులు. మా వదిన సీతారావమ్మ, ఆయన అక్క, అన్నిటికీ ముందుండి వాటితోపాటు ఆ డబ్బా, స్టీరింగు, బిళ్ళ కూడా మూటగట్టి ధర్మం కొట్టుకి పంపించేసింది. నేను లోపల గదిలో ఉన్నా, గడప దాటకూడదన్నారు. బయటికొచ్చి చూస్తే నా స్టూలు మిగిలింది.

"వదినా, మంచమిస్తే ఇచ్చావు. ఆ బిళ్ళెందుకిచ్చావు? అందులో మనిషున్నాడు."

"అందుకే ఇచ్చా నాంచారూ. వాడి పాణమంతా దానిమీదే. అది కొంపలో ఉంటే వాడు కదలడు."

ఆవిడతో ఏం మాట్లాడతాం. గడప దాటొచ్చని పెద్దోళ్ళు చెప్పిన రోజున నేను దాటింది ధర్మం కొట్టుకే.

బిళ్ళలన్నీ నీలం ప్లాస్టిక్ టబ్బులో గుట్టగా పోస్తారు. ఎస్తేరని అక్కడ పనిచేసే అమ్మాయి మూట విప్పగానే మోచేతి దాకా చేతులు పెట్టి కెలుకుతారు. మారుబేరం చేసేవాళ్ళు గుప్పిళ్ళతో ఎత్తి జోలెలో పోసుకుంటారు, నీడ మంచిదో కాదో ఇంటికెళ్ళి చూసుకుంటారు. పక్కన ఒక టీవీ, ఒక ఊగిపోయే స్టీరింగు పెట్టారు, పరీక్షకి. నాకు అక్షరం ముక్క రాదు. బిళ్ళమీద ఏం రాసుందో తెలియదు. ఒక్కోటీ ఎత్తి, వెలుతురుకి పెట్టి, సందుల్లో పసుపుందేమో చూడటమే నా పని.

"మామ్మా, గేములు నీకెందుకు, భక్తి చానెలు చూసుకోరాదూ?" అన్నాడు ఒకడు, నన్ను పక్కకి నెడతా.

"నువ్వు బాగుపడాలని మొక్కి మొక్కి విసుగొచ్చిందిరా. ముందు నా డొక్కలోంచి మోచెయ్యి తియ్యి."

ఎన్ని శనివారాలెళ్ళానో. ఎండలు పోయి వానలొచ్చాయి. ఒకసారి టబ్బులో కాదు, ఎస్తేరు బల్లమీద విడిగా పెట్టిన వరసలో కనపడింది. సందుల్లో పసుపు. ఒక మూల కుంకం ఎండిపోయి నల్లగా. గబుక్కున గుప్పిట పట్టా.

"మంచిది పట్టావు మామ్మా" అంది ఎస్తేరు. "ఇదివరకు దాన్ని కొన్నోళ్ళంతా తిరిగిచ్చేశారు. నీడ పనికిరాదు, హారను కొడితే పక్కకి తప్పుకుంటోంది, వీడితో పందెమేంటని. ఇప్పుడు బాగుచేయించాం. సానపట్టాం. ఇప్పుడెవరికీ లొంగదు."

సానపట్టడమేంటో నాకప్పుడు ఎక్కలేదు. ఆ స్టీరింగు ముందు కూర్చున్నా. తెరమీద ఘాటు రోడ్డొచ్చింది, ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. ముందు లారీ పోతోంది. మలుపు ఇంకా రాకముందే గేరు దించాడు. ఆయనే. గుంట కనపడితే చక్రాన్ని మెల్లగా దాని అంచునే పోనిచ్చాడు. ఆయనే, ఇంకెవరు. నేను నడపటం అదే మొదలు, అయినా పక్కన కూర్చుని చూసినదాన్ని కదా, ఎట్టాగో వెనకాల చేరి హారను కొట్టా. ఇప్పుడు చక్రాలు దిగుతాయి మట్టిలోకి, అనుకున్నా.

దిగలేదు. మళ్ళీ కొట్టా. బండిని అడ్డంగా తెచ్చాడు. ఇంకోసారి కొట్టేసరికి తోక విసిరి నన్ను లోయలోకి నెట్టేశాడు.

చుట్టూ ఉన్నోళ్ళు చప్పట్లు కొట్టారు. మామ్మ ఔటు, అన్నాడు ఎవడో.

నేను లేచి నేరుగా వెనక గదిలోకెళ్ళా. ఎస్తేరు అడ్డమొస్తే ఆగలేదు. లోపల తెల్ల చొక్కా వేసుకున్నాయన కూర్చునున్నాడు, డాక్టర్ పరంజ్యోతి అంట. మందుల డాక్టరు కాదు, మిషన్ల డాక్టరు. ఆయన ముందు కుట్టుమిషనంత పెట్టె, అందులో బిళ్ళలు వరసగా గుచ్చున్నాయి.

"ఈ బిళ్ళనేం చేశావయ్యా?"

మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"అమ్మా, నీడంటే కొన్ని వేల అలవాట్లు" అన్నాడు. "వాటిలో దేనివల్ల ఓడిపోతోందో ఈ మిషను వెతుకుతుంది. దాన్ని అరగదీస్తుంది. ఈ బిళ్ళలో అట్టాంటిది ఒకటే దొరికింది. తను ముందున్నప్పుడు వెనకోళ్ళకి దారి వదలటం. అది తీసేశాను. మిగతాదంతా ఆ మనిషే. వేరే ఏదీ ముట్టుకోలేదు."

"ఆ మనిషి నా మొగుడు. నువ్వు తీసింది తీస్తే ఇంక మిగిలిందేంటి?"

ఆయన జనం అడిగిందే ఇస్తున్నామన్నాడు, అమ్ముడుపోకపోతే పేదోళ్ళకి అన్నముండదన్నాడు.

"ఇట్టా అన్నిటికీ పడతావా సాన?"

"మెత్తగా ఉన్నవాటన్నిటికీ."

"డ్రైవింగు స్కూళ్ళకి పోయేవాటికో?"

"ముందు అడిగిందే వాళ్ళమ్మా. నేర్చుకునేవాళ్ళకి ధైర్యం రావాలన్నారు. రెండేళ్ళ నుంచి ఇస్తున్నాం."

"అయితే బెంజి సర్కిల్ కాడ అంబులెన్సు ముందు కూర్చున్నోడు నీ దగ్గర చదువుకున్నోడేనన్నమాట."

జరిగింది చెప్పా. ఆయన విన్నాడు. విని, గేముకీ రోడ్డు మీద ప్రవర్తనకీ సంబంధం ఉందని ఇంతవరకు రుజువు లేదమ్మా అన్నాడు.

"రుజువు నా ఒళ్ళో పోయిందయ్యా."

బిళ్ళలోంచి తీసింది మళ్ళీ పెట్టమన్నా. కత్తికి సానపట్టాక రాలిన పొడిని అతికించలేం కదమ్మా, అన్నాడు. బిళ్ళ తీసుకెళ్ళండి, డబ్బులొద్దన్నాడు.

"నా మొగుణ్ణి నాకే దానమిస్తావా? ఇందా, నీ డబ్బు. పేదోళ్ళకి అన్నం పెట్టుకో."

డబ్బానీ స్టీరింగునీ అక్కడే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నా. పనంతా అయ్యాక రోజూ పగలు కూర్చునేదాన్ని. ఆయన ముందు, నేను వెనక. హారను కొట్టటం, ఆయన అడ్డం రావటం, నేను లోయలో పడటం. నోటికొచ్చినట్టు తిట్టా. బతికుండగా తిట్టనన్ని తిట్లు. ఎవడో దారినపోయేవాడికిచ్చావు, ముక్కూ మొహం తెలియనోడికిచ్చావు, నాకివ్వవా? నన్ను తోసేస్తావా? డాక్టరు చేసిన పని అని తెలుసు. తెలిస్తే కోపం ఆగుద్దా. తెరమీద నన్ను తోసేది ఆయన చెయ్యే.

అట్టా పడి పడి నాకూ చెయ్యి తిరిగింది. ఒకనాడు కొండ మలుపులో ఆయన లారీ కాస్త వెడల్పుగా తిరిగింది. లోపలి పక్కన సందు దొరికింది. అద్దం కొండకి రాసుకున్నా సరేనని దూరి ముందుకొచ్చేశా. గెలిచానని నవ్వొచ్చింది. ఆయన పోయినప్పటినుంచీ నవ్వలా నేను.

అప్పుడు వెనకాల హారను వినపడింది.

గట్టిగా కాదు. పొట్టిగా ఒకటి, కాసేపాగి ఇంకోటి. నిద్రపోయే ఊళ్ళోంచి పోయేటప్పుడు ఆయన అట్టాగే కొట్టేవాడు. తెరమీద నా బండి అద్దంలో చూశా. లారీ దూరం పాటించి వస్తోంది. లైట్లు నా కళ్ళల్లో పడకుండా డిమ్ము చేశాడు. నేను తడబడితే ఆయనా నెమ్మదించాడు. గుద్దలేదు, తొయ్యలేదు. అడుగుతన్నాడంతే. ఇస్తే పోతాను, లేకపోతే ఉంటాను, అన్నట్టు.

ఆ డాక్టరు అబద్ధమాడలేదు. ఆయన ముందున్నప్పటి అలవాటొక్కటే అరగదీశాడు. వెనకున్న మనిషిని ముట్టుకోలేదు. నాకు కావాల్సిన మనిషి చెక్కు చెదరకుండా నా అద్దంలో ఉన్నాడు. సైడిచ్చానా, ముందుకెళ్ళి మళ్ళీ ఆ డాక్టరు మనిషైపోతాడు.

అందుకని ఇవ్వను. ఎడమకొస్తే ఎడమ, కుడికొస్తే కుడి.

మొన్న వదినొచ్చింది. నా వెనకాల నిలబడి చాలాసేపు చూసింది.

"ఎవరే ఆ ఎనకాలోడు, పాపం?"

"మీ తమ్ముడే."

నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హారను ఇంకోసారి వినపడింది.

"ఎంతసేపటినుంచి అడుగుతన్నాడో. ఇవ్వవే నాంచారూ, పోనీ."

"నీకు తెలియదు, ఊరుకో."

"వాడు ఎవర్నీ ఇట్టా ఆపలేదే."

మలుపొస్తోంది, ఆయన ఏ పక్కనుంచి వస్తాడో చూసుకోవాలి. వదిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఎస్తేరుకి బిళ్ళ చూపిస్తే, నెలలయింది కదా మామ్మా, నీ నీడ కూడా పడిపోయింది ఇందులో అంది. రేపు నేనూ పోతా. నా మంచం, నా దుప్పటితోపాటు ఈ బిళ్ళ కూడా ఆ టబ్బులోకే పోతుంది. ఎవడో కుర్రాడు నేర్చుకోటానికి కొనుక్కుంటాడు. పెట్టగానే రోడ్డు నిండా ఒక ముసల్ది అడ్డంగా పోతా ఉంటది, ఎంత హారను కొట్టినా జరగదు. ఆ డాక్టరు నాకు సానపట్టే పని కూడా ఉండదు.