గీత మీద రెండు కొమ్ములు

అన్యాయం జరిగింది యూనివర్సిటీ ల్యాబులో స్ఫటికాలు పెంచే అక్కకి. కిందటి నవంబరు ఆరో తారీఖు, గురువారం, పట్టపగలు. అయస్కాంతాల గదిలో చల్లదనం కోసం పోసే ద్రవ హీలియం ఒక్కసారిగా ఆవిరై గాలినంతా బయటికి తోసేసింది. ఊపిరాడక పోయింది మనిషి. గది గాలి మార్చే ఫ్యాన్ ఆపుకున్నది ఆవిడేనని ప్రొఫెసర్ తేల్చేశాడు. ఆ రోజు తను ఆ గది గడపే తొక్కలేదట. చచ్చినవాళ్ళు ఎదురు మాట్లాడరని ఎంత ధీమా!

ఐదు నెలల తర్వాత, ఓ ఉదయం, అదే గదిలో అక్క శిష్యురాలు కూర్చునుంది. అక్క పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. ‘అక్కకి అజాగ్రత్త ఎక్కువ’ అని రాసిన కాగితం మీద సాయంత్రానికి సంతకం పెట్టాలి. పెడితే డాక్టరేట్. పెట్టకపోతే ఆరేళ్ళ చదువు బూడిదపాలు.

తెర మీద సన్నటి గీత పాకుతోంది. అక్క పెంచిన స్ఫటికాన్ని కొలిచే ఆ పరికరం ఒట్టి అనుమానపు పీనుగ. ఇనుము గడప దాటితే చాలు, గీత మీద గుట్ట. లోపలికొస్తే పైకి, బయటికెళ్తే కిందికి. అందుకే అందరూ తాళాలు, పిన్నులు బయట ట్రేలో వదిలి వస్తారు. అక్క చేతి ఉక్కు కడియం మాత్రం ఊడొచ్చేది కాదు. ఆవిడ గుట్టకి రెండు కొమ్ములుండేవి. “అదిగో, ఆవొచ్చింది!” అని పిచ్చుక ఏడిపించేది.

తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్. నడుముకి తాళాల గుత్తి. రూల్సన్నీ మందికే కదా. గీత మీద పెద్ద గుట్ట లేచింది.

దాని వెనకే... ఇంకోటి. రెండు కొమ్ములది.

“సార్, మీ వెనక ఎవరొచ్చారు?”

“ఎవరూ లేరే. సంతకం అయిందా తల్లీ?”

“జేబులో ఏం తెచ్చారు?”

“నన్నే సోదా చేస్తావా?” తెర మీది గీత నుంచి చూపు తిప్పకుండా నవ్వాడు. “ఐదింటిదాకా టైముంది. మంచిపిల్లవి.”

బెదరగొట్టి సంతకం లాక్కోడానికి ఏదో నాటకం, అనుకుంది పిచ్చుక. ఈ మనిషి ఎంతకైనా తెగిస్తాడు.

ఆయన వెళ్ళాడు. కిందికి ఒకటే గుట్ట. పెద్దది.

మరి రెండోది?

బల్ల కింద చూసింది. సిలిండర్ల వెనక చూసింది. ఏమీ లేదు. స్ఫటికాలు పెంచే కొలిమి దగ్గర అక్క ఒంటికి పట్టే కాలిన మట్టి వాసన మాత్రం... గీత మెల్లగా లేస్తోంది. ఇనుము దగ్గరకొస్తే అలాగే లేస్తుంది... ఇంకాస్త... ఇంకాస్త...

అప్పుడు తెలిసింది. ఫ్యాన్ చప్పుడు లేదు.

లోపలి స్విచ్ వేసే ఉంది. వరండాలో ఇంకోటుంది. ఆ సంగతి విచారణలో ఒక్కడూ అడగలేదు!

పరుగున వెళ్ళి తలుపు లాగింది. గోడ దగ్గర ప్రొఫెసర్. స్విచ్ మీద చెయ్యి.

“కరెంటు... పోయింది,” గొణిగాడు.

నెత్తిన లైట్లు వెలుగుతున్నాయి. ఆయన చూపు పిచ్చుక మీద లేదు. ఆమె భుజం వెనక ఉంది.

ఆయన చేతిని పక్కకి నెట్టేసి, ఫ్యాన్ వేసి, లోపలికొచ్చి నవంబరు ఆరు నాటి గీత తెరిచింది. ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టని గీత. రెండు కొమ్ములు పైకి. పెద్ద గుట్ట పైకి. పెద్ద గుట్ట కిందికి. స్ట్రెచర్ వచ్చేదాకా ఇంకేం లేదు.

సంతకం చోటు అడ్డంగా కొట్టేసి, ఆ గీతని అచ్చు తీసి అతికించింది. వరండాలో అడుగుల చప్పుడు లేదు. మనిషి అలికిడే లేదు.

ఇవాళ్టి గీత చూసింది. తను బయటికి పరుగెత్తిన క్షణం. తన ఒంటిమీద గుండుసూదంత ఇనుము కూడా లేదు. అయినా అక్కడ, కిందికి, రెండు కొమ్ములు... మళ్ళీ పైకి లేవలేదు.

ఏప్రిల్ తొమ్మిది, గురువారం, పదకొండు ముప్పై రెండు.