పొలి చల్లాక ఊళ్లో ఉన్నవాడు

"చంపింది ఎవరు సర్?" అడిగాడు శివకృష్ణ.

"ఊరు," అన్నాడు మొయినుద్దీన్.

నల్గొండలో పానగల్ రోడ్డు మీద, పైకి టైర్ల షాపులా కనిపించే ఇంటెలిజెన్స్ ఆఫీసు అది. చీఫ్ మొయినుద్దీన్ టేబుల్ మీద పడేసిన ఫొటోలో దువ్వెనలు అమ్ముకునే ముసలాయన శవం ఉంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడంటూ వాట్సాప్‌లో ఆయన వీడియో తిరిగింది. అరగంటలో ఖతం.

"విదేశీ ముఠా. పేరు మిర్రర్. తుపాకీ లేదు, బాంబు లేదు. వీడు మనోడు కాదు అని చెప్తరు, అంతే. మిగతా పని మనోళ్లే చేస్తరు. గీ ముసలాయన ట్రయల్. రేపు పగటీలి పన్నెండింటికి ఆరు ఊర్లు. ఆరుగురు పరాయోళ్ల ఫొటోలు ఆరు గ్రూపులల్ల పడ్తయి."

"ఏ ఊర్లు సర్?"

"లిస్టు సుస్మిత దగ్గరుంది. ముఠాల మన మనిషి. చిట్యాల అవతల గుండ్లకుంటపల్లిల ఇస్తనన్నది. నువ్వు దుప్పట్లమ్మే బీహారీవి. ఆ వేషం ఆమెనే చెప్పింది."

ఆ చివరి ముక్క దగ్గరే శివకృష్ణకు అనుమానం రావాలి. రాలేదు. చదువుకున్నవాడికి తెలివి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

మర్నాడు గుండ్లకుంటపల్లిలో బొడ్రాయి పండుగ. ఊరి నడుమ రాయి పాతి ముప్పై ఏళ్లయింది, మళ్లీ కొత్తది పాతుతున్నారు. పది గంటలకు బైండ్ల పూజారి పొలిమేర చుట్టూ బలి నెత్తురు కలిపిన పొలి అన్నం చల్లి, దారులకు వేపాకు తాళ్లు కట్టాడు. ఇక సాయంత్రం పూజ ముగిసేదాకా లోపలివాడు బయటికి పోకూడదు, బయటివాడు లోపలికి రాకూడదు. శివకృష్ణ తొమ్మిదింటికే దుప్పట్ల మూటతో లోపలున్నాడు. పదకొండు నలభైకి రాయి గుంతలోకి దిగింది.

పొద్దుటి నుంచే ఊళ్లో వీడియోలు తీస్తున్న సుస్మిత అప్పుడు అతని దగ్గరికి వచ్చింది. పట్టుచీర, నల్లద్దాలు, ఒక చేతిలో యూట్యూబ్ చానల్ మైకు, ఇంకో చేతిలో ఫోన్. ఆమె కూడా ఆ ఊరికి పరాయిదే. కానీ మైకు పట్టుకున్న పరాయివాళ్లను ఏ ఊరూ అనుమానించదు.

"దుప్పటి అంచు ఏ రంగు?" కోడ్ అడిగింది.

"పసుపు."

"సారీ శివా. ముందు నువ్వు. ఆ తర్వాత ఆ ఆరుగురు. పన్నెండు కాగానే ఈ ఫోన్‌లోంచి వాళ్ల ఫొటోలు వాటంతట అవే పోతయి." నవ్వింది. మైకు నోటి దగ్గర పెట్టుకుని గొంతు పెంచింది. "అన్నా, పిల్లల్ని ఎత్తుకపోయేటోడు వీడే. మీ ఫోన్లు చూస్కోండి."

ఫోన్లలో అప్పటికే శివకృష్ణ ఫొటో ఉంది.

గొర్ల కాపరుల పెద్ద గుర్వయ్య కాలర్ పట్టుకున్నాడు. మొదటి దెబ్బకు శివకృష్ణ చొక్కా గుండీలో దాచిన కెమెరా పగిలింది. ట్రాన్స్‌మీటర్ దాచిన మూటను ఎవరో పొయ్యిలో పడేశారు. శివకృష్ణ బెల్టులోంచి ఐడీ కార్డు తీసి చూపించాడు.

"గీ కార్డులు జెరాక్స్ షాపుల గూడ దొర్కుతయి," అన్నాడు గుర్వయ్య.

"నేను పాలమూరు బిడ్డనే పెద్దయ్యా. మాది మక్తల్. మా నాయిన గూడ గొర్లు కాసినోడే."

"సూడుండ్రి, మన మాట గూడ నేర్సుకొని వచ్చిండు."

ఎంత నిజం చెప్తే అంత దొంగవుతున్నాడు. ఏడ్చాడు కూడా. దొంగేడుపు అన్నారు. సుస్మిత ఫోన్‌లో లైవ్ తీస్తోంది. టైం పదకొండు యాభై అయిదు. గుర్వయ్య బండరాయి ఎత్తాడు.

ఆ క్షణంలో తమ ఊరి బొడ్రాయి గుర్తొచ్చింది శివకృష్ణకు.

"సంపుండ్రి పెద్దయ్యా. గని ఒక్కటి చెప్పి సంపుండ్రి. రాయి పడ్డప్పుడు నేను ఊర్లున్ననా, లేనా?"

గుర్వయ్య చేతులు ఆగిపోయాయి. ఊళ్లో అందరికంటే పెద్దదైన నాగులమ్మ ముందుకొచ్చింది.

"ఉన్నడు. పొలి సల్లకముందే వచ్చిండు, నేనే సూసిన. రాయి పడ్డప్పుడు ఊర్లున్నోళ్లంత ఊరిబిడ్డలే. బిడ్డ రక్తం పడ్తే రాయి మైలపడ్తది. మల్ల ముప్పై ఏండ్లు ఎవడాగుతడు?"

"పిల్లలను ఎత్తుకపోయేటోడు గదనే అవ్వా," అన్నాడు గుర్వయ్య.

"ఊరిబిడ్డ ఊరి పిల్లలను ఎట్ల ఎత్తుకపోతడురా?"

సర్కారు కార్డును నమ్మనివాళ్లు దీన్ని చప్పున నమ్మేశారు. నాగులమ్మ అతని చేతికి కంకణం కట్టింది. కొట్టినవాళ్లలోనే ఒకడు నీళ్లు తెచ్చి, తువ్వాలుతో నుదురు తుడిచాడు.

"అయ్యో తమ్మీ, గింత దెబ్బ ఎవలు కొట్టిండ్రు?"

పదకొండు యాభై ఎనిమిది. సుస్మిత మెల్లగా కారు వైపు జరుగుతోంది. ఆరు ఫొటోలూ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. టైం కాగానే వాటంతట అవే గ్రూపుల్లోకి పోతాయి. శివకృష్ణ లేవబోతే కాళ్లు నిలవలేదు.

"అవ్వా, గా మేడం గూడ ఊర్లనే ఉండె. ఆడబిడ్డకు ఒడిబియ్యం పొయ్యరా?"

ఆడవాళ్లు నలుగురు సుస్మితను పట్టుకుని పీట మీద కూర్చోబెట్టారు. కొంగు పరిపించి బియ్యం పోయసాగారు. నేను పోవాలి అని సుస్మిత అంటుంటే ఒకామె భుజం నొక్కింది.

"ఒడి నిండకుండ లేస్తె పుట్టింటికి కీడు బిడ్డా. రెండు చేతులతోని పట్టు."

ఫోన్ జారి చాప మీద పడింది. లైవ్ నడుస్తోంది కాబట్టి లాక్ పడలేదు. శివకృష్ణ పాకుతూ వెళ్లి అందుకున్నాడు. నెత్తురు అంటిన వేలికి స్క్రీన్ సరిగా పలకడం లేదు. చొక్కాకు తుడుచుకుని ఒక్కొక్కటే డిలీట్ చేశాడు. ఆరోది పోయేసరికి పన్నెండుకు మూడు సెకన్లు తక్కువ.

ఎక్కడో ఆరు ఊళ్లలో ఆరుగురు ఏమీ తెలియకుండా సద్ది మూటలు విప్పుకుని ఉంటారు. శివకృష్ణ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

గంట తర్వాత ఊరి చివర అరుపులు. సిగ్నల్ ఆగిపోయిందని చీఫ్ మొయినుద్దీనే జీపులో వచ్చి, వేపాకు తాడు అవతల ఒంటరిగా నిలబడ్డాడు.

గుర్వయ్య ఒక కట్టె తెచ్చి శివకృష్ణ చేతిలో పెట్టాడు.

"లే తమ్మీ, పొలిమేర కాడ ఎవడో కొత్తోడు వచ్చిండు. నువ్వు ముందు నడువు. మనోనివి గద."