పలకరించని వాకిలి

"ఎండన పడి వచ్చావా తల్లీ, కాసేపు ఆ ఫాను కింద కూర్చో" అంది నీటిపన్ను కార్యాలయం. సౌదామిని ఎదుట గోడతెర మీద ఒక చల్లటి వరండా తెరుచుకుంది. మట్టికుండా, దాని మీద బోర్లించిన గ్లాసూ కూడా ఉన్నాయి. ఆమెకు కావలసింది ఒక్క రసీదు. కానీ మర్యాదలన్నీ అయ్యేదాకా ఈ రోజుల్లో ఏ కార్యాలయమూ పని ముట్టుకోదు. అరచేతిలో గడ్డం ఆనించుకుని, ఆ వరండా తన ముచ్చట తీర్చుకునేదాకా ఆగింది.

విజయనగరంలోనే కాదు, ఎక్కడైనా ఇదే తంతు. వెనకటికి వెబ్‌సైట్లంటే రాతలూ బొమ్మలూ. ఇప్పుడు వాటిని వాకిళ్ళంటున్నారు. ప్రతి వాకిలికీ ఒక ఆదరిణి ఉంటుంది. అది వచ్చిన మనిషి మణికట్టు మీది నాడిపట్టీని చదువుతుంది. ఏ వెలుతురుకి, ఏ మాటకి, ఏ యాసకి ఆ గుండె నెమ్మదిస్తుందో తడుముకుంటూ తెలుసుకుని, ఆ మనిషికి తగిన స్వాగతం అల్లుతుంది. గుండె ఎంత నెమ్మదించిందో చెప్పే లెక్కని ఆదరాంకం అంటారు. ఒక వాకిట్లో నేర్చుకున్నది మిగతా అన్నిటికీ అందుతుంది. ఉన్నవాళ్ళ గొంతుగానీ పోయినవాళ్ళ గొంతుగానీ అనుకరించకూడదని చట్టం ఉంది. ఎవరికి ఏం చూపించిందో మూడో కంటికి తెలియనివ్వకూడదని ఇంకో చట్టం ఉంది. ఆదరిణి రెండింటినీ తూచా తప్పకుండా పాటిస్తుంది.

సౌదామిని వృత్తి ఈ వాకిళ్ళను తీర్చిదిద్దడం. బ్యాంకులకీ ఆస్పత్రులకీ, ఒకసారి శ్మశానానికి కూడా ఆప్యాయత అద్దింది. అద్దీ అద్దీ విసుగొచ్చేసింది. ఇంట్లో చెల్లెలు "తిన్నావా అక్కా" అని అడిగినా, ఆ పలకరింపు ఎప్పుడు ముగుస్తుందా అని చూసే స్థితికి వచ్చింది. అది తప్పని తెలుసు. తెలిసినా ఓపిక లేదు.

ఆ మధ్యాహ్నం డాక్టర్ ఇందుమతి కబురు పెట్టింది. గంటస్తంభం దగ్గర క్లినిక్ నడిపే మనోవైద్యురాలు ఆమె. ఆమె వాకిలి సౌదామిని చేతి పనే.

"రోజూ పొద్దున్నే ఒకరు వస్తున్నారు" అంది ఇందుమతి. "పేరు తెలీదు, నాడిపట్టీ గుర్తు మాత్రం ఒకటే. కాసేపు గుమ్మంలో నిలబడతారు, వెళ్ళిపోతారు. లోపలికి రారు."

"ఆదరాంకం ఎంత వస్తోంది డాక్టర్ గారూ?"

"నూటికి తొంభై పైనే."

"అయితే వాకిట్లో లోపం లేదండీ. నాడి అంత నెమ్మదించిందంటే ఆ మనిషికి హాయిగానే ఉన్నట్టు."

"హాయిగా ఉన్న మనిషి రోజూ గుమ్మం దాకా వచ్చి వెనక్కెందుకు పోతాడు సౌదామినీ? ఇదివరకు ఒకావిడ ఇలాగే వచ్చి పోతుండేది. ఒకరోజు రావడం మానేసింది. తరవాత ఆవిడ సంగతి పేపర్లో చదివాను." ఇందుమతి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ మనిషిని ఎలాగైనా లోపలికి రప్పించాలి."

సౌదామిని తనకు తెలిసిన విద్యలన్నీ వాడింది. వెలుతురు పసుపు చేసింది. డాక్టరు ఫోటోలో తెల్లకోటు తీసేసి నేతచీర కట్టించింది. 'అపాయింట్‌మెంట్' అన్నచోట 'మాట్లాడుకుందాం' అని పెట్టింది. జబ్బు తగ్గకపోతే మందు పెంచినట్టు, ఆదరిణికి ఇంకాస్త చనువిచ్చింది. ఆదరాంకం పెరిగింది. ఆ మనిషి నిలబడే సేపు మాత్రం రోజురోజుకీ తగ్గిపోయింది.

"తీసేద్దామండీ" అంది చివరికి.

"ఏమిటి?"

"ఆదరిణిని, మొత్తంగా. ఇది ఉపాయమని కాదు. నా దగ్గర ఇంకేం మిగల్లేదు." ఆమె గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. "కాకపోతే ఆదరిణి లేని వాకిలిని వెతికితే వచ్చే జాబితాలో అట్టడుక్కి తోసేస్తారు. కొత్తవాళ్ళెవరికీ మీరు కనపడరు."

"కనపడకపోతే పోనీ. ఆ ఒక్కరికీ దారి తెలుసు కదా."

తీసేశాక తెల్లగోడ మిగిలింది. దాని మీద డాక్టరు పేరు, క్లినిక్ తెరిచి ఉండే వేళలు, 'లోపలికి' అన్న మాట. తన పని అని చెప్పుకోడానికి సిగ్గేసేంత బోసిగా ఉంది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. ఆ గుర్తు వచ్చింది. వెళ్ళిపోలేదు. మునుపెన్నడూ లేనంత సేపు నిలబడింది. తరవాత 'లోపలికి' వెలిగి, తెర మీద ఒక ముసలాయన కనపడ్డాడు. పేరు పైడిరాజు అన్నాడు. భీమిలి ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట. సౌదామిని లేచి వెళ్ళబోతే, "ఈవిడ మా వాకిలి చూసుకునే ఆవిడ" అంది డాక్టరు.

"ఉండనీండమ్మా. ఇది వాకిలి సంగతే. మా ఇంటిది మొన్న ఎండల్లో పోయింది. నాను డ్యూటీ నుంచి రాగానే, 'వచ్చీసినావేటి, మొకం కడుక్కో, కూడెట్టీసినాను' అనీది. ఇప్పుడు రేషనుకెళ్తే అదే మాట. బస్సు టిక్కెట్టుకెళ్తే అదే మాట. గొంతు దానిది కాదు, తీరు దానిదే. ఆఖర్న చిన్నగా ఇసుక్కోడం కూడా దానిదే. ఈ బాధ మీకు చెప్పుకుందారని వస్తే, మీ గుమ్మమూ అదే అన్నాది. ఏ మొకం పెట్టుకుని లోపలికొత్తానమ్మా?"

ఎవరూ ఏదీ దొంగిలించలేదు. ఏళ్ళ తరబడి తడుముకుంటూ ఆదరిణి ఈయన గుండె నెమ్మదించే మాటను పట్టుకుంది. ఆ మాట ఒక ఇల్లాలిదని దానికి తెలీదు, ఆమె పోయిందనీ తెలీదు. ఇన్నాళ్ళూ తను ఇంకా ఇంకా పెంచింది ఆ మాటనే. సౌదామినికి ఏడుపొచ్చింది.

"దాన్ని తీయించెయ్యొచ్చు బాబాయ్" అంది గబగబా. "మీ గుర్తు మీద నేను చెబితే సరిపోతుంది. నేర్చుకున్నదంతా చెరిపేస్తారు. ఈ పూటే చేయిస్తాను. ఇంక ఏ వాకిలీ మిమ్మల్ని అలా పలకరించదు."

"మా మేనల్లుడూ అదే చెప్పినాడు. చెరిపీసినాక మరింక రాదంట కదా?"

"రాదు."

"మరి ఆ మాట నాకింకెక్కడ వినబడతాదమ్మా?"

పైడిరాజు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"తీసీమని అడగడానికొచ్చినానో, ఉంచీమని అడగడానికొచ్చినానో నాకే తెలట్లేదు. ఇంటే నిద్దర పట్టదు, ఇనకపోతే కూడు దిగదు. మా ఈదిలో కరెంటు బాగానే ఉందమ్మా. అయినా పోయిందని రోజూ ఆ కరెంటాఫీసు వాకిలికెళ్ళి కంప్లెయింటు ఇస్తన్నాను."