బాబాయి పేరు మీద నడిచిన గోదాం

ఆ గోదాంలో చివరి గది మంచిది కాదని ఎవరైనా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే, అక్కడ తిరుగుతోందని అందరూ చెప్పుకునే దెయ్యం మా బాబాయి.

మందుల గోదాం అది. చల్లటి గదులు, వాటి వెనక పొడుగాటి నడవా, నడవా చివర కిటికీ లేని గది. బాబాయి ఆ గదిలో కూర్చునే గోదాం కంప్యూటర్లన్నీ చూసుకునేవాడు. సరుకు లోపలికి రావడానికి ఒక ప్రోగ్రాం, బయటికి పోవడానికి ఒకటి, తూకానికి ఒకటి, బిల్లులకి ఒకటి. నాలుగూ చెయ్యి పెట్టేది మాత్రం ఒకే డేటాబేస్‌లో. ఓ రాత్రి ఆ గదిలో తన కుర్చీలోనే గుండె ఆగి పోయాడు.

అప్పట్నుంచీ మొదలైంది…

అర్ధరాత్రి దాటాక స్క్రీన్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయేవి. ఏం నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. బయట లారీల వాళ్ళు హారన్లు మోగించేవాళ్ళు. కాసేపటికి — ఎవరూ ఏమీ చేయకుండానే — మళ్ళీ కదిలేవి. అడ్డం పడిందెవరా అని చూస్తే ప్రతిసారీ ఒకటే పేరు. బాబాయి పేరు.

ఇక చూసుకోండి! సెక్యూరిటీ అతను ఆ నడవా వైపు తొంగి కూడా చూడటం మానేశాడు. లోపల్నుంచి టకటకమని కీబోర్డు చప్పుడు వినిపిస్తోందని ఒకడు, దగ్గు వినిపిస్తోందని ఇంకొకడు. వాళ్ళ నోళ్ళు పడిపోను! చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా బాబాయికి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

మా పిన్నిదీ ఆ గోదాంలోనే ఉద్యోగం. రాత్రి పూట గేటు దగ్గర వచ్చిన సరుకు ఎంట్రీలు చేస్తుంది. బాబాయి పోయాక ఇల్లు గడిచేది ఆ ఉద్యోగంతోనే.

మేనేజరు దెయ్యాల్ని నమ్మడు. నమ్మినా బాగుండేది! పిన్నిని పిలిచి, "మీ ఆయన పాస్‌వర్డు నీ దగ్గరుంది. కక్షకొద్దీ నువ్వే ఆపుతున్నావు. ఈ రాత్రి ఇంజనీరు వస్తోంది. తేలిందంటే ఉద్యోగం ఊడటమే కాదు, పోలీసులకి అప్పజెబుతా" అన్నాడు.

"ఆయన చొక్కా సైజు తెలుసు సార్ నాకు. పాస్‌వర్డు తెలీదు" అంది పిన్ని. వినిపించుకుంటేగా!

ఇక్కణ్ణుంచి పిన్నీ, ఆ వచ్చిన ఇంజనీరమ్మాయీ నాకు చెప్పిందే చెబుతున్నాను.

మేనేజరు పిన్నిని సీట్లోంచి లేపి, ఆ అమ్మాయి ఎదురుగా కూర్చోబెట్టాడు, దొంగని కూర్చోబెట్టినట్టు. తనేమో వెనక నిలబడ్డాడు. ముగ్గురూ స్క్రీన్ వంకే చూస్తున్నారు. అర్ధరాత్రి దాటింది…

బిగుసుకుపోయింది.

"ఆంటీ… మీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయా?" అంది అమ్మాయి గొంతు తగ్గించి.

"ఎక్కడుంటాయమ్మా?"

అమ్మాయి తన ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. బాబాయి పేరు. దాని కింద మళ్ళీ బాబాయి పేరు. దాని కిందా అదే… పిన్నికి ఒళ్ళు జలదరించింది.

అమ్మాయి మాత్రం భయపడలేదు. ఒక్కో ప్రోగ్రాం సెట్టింగులు తెరిచింది. చూస్తున్నకొద్దీ మొహం ఎర్రబడింది. "సార్, ఏంటిది? నాలుగు ప్రోగ్రాములూ పోయినాయన పేరుతోనే లోపలికి వెళ్తున్నాయి!"

మేనేజరు నీళ్ళు నమిలాడు. "మొదట్లో ట్రయల్ కోసమని తన పేరు పెట్టాడు. నడుస్తోంది కదాని కదపలేదు. కొత్త ప్రోగ్రాం వచ్చినప్పుడల్లా ఆ సెట్టింగులే కాపీ కొట్టాం."

"తూకం ప్రోగ్రాం సరుకు వివరాలు పట్టుకుని బిల్లు కోసం ఆగింది. బిల్లుల ప్రోగ్రాం బిల్లు పట్టుకుని సరుకు వివరాల కోసం ఆగింది. ఎంతసేపు ఆగాలి అన్న చోట అన్నిట్లోనూ సున్నా పెట్టారు. సున్నా అంటే అస్సలు ఆగదనుకున్నారేమో. ఈ డేటాబేస్‌లో సున్నా పెడితే ఎప్పటికీ ఆగుతుంది సార్! దెయ్యమూ లేదు, ఈవిడ చేసిందీ ఏమీ లేదు."

"మరి ఆయనున్నప్పుడు ఇలా కాలేదే?"

"రోజూ అయ్యేదే, పాత రికార్డుల్లో ఉంది. ఆయన రాత్రంతా కూర్చుని ఆ చిక్కులు చేత్తో విప్పేవారు. మార్చనివ్వమని మిమ్మల్ని అడగలేదా?"

మేనేజరు తల దించుకున్నాడు. "గోదాం ఓ పూట ఆపాలన్నాడు… కుదరదన్నాను."

ఈలోగా స్క్రీన్లు వాటంతటవే కదిలాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే పిన్ని లేచి నిలబడింది.

"ఒక్క పూటా? ఒక్క పూట ఆపలేక మనిషిని రాత్రిళ్ళన్నీ కూర్చోబెట్టారా? కంచం ముందు కూర్చుని నిద్రపోయేవారయ్యా ఆయన! ఆ నిద్ర చూసి నేనెంత తిట్టానో నాకు తెలుసు. ప్రాణం పోయినా ఆయన్ని వదల్లేదు మీరు. పైగా నేను దొంగనా?"

"పొరపాటైందమ్మా… మీ ఉద్యోగానికేం ఢోకా లేదు" అని గొణిగాడు మేనేజరు.

"నా ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ఆయన పేరు తీయించండి. ఇప్పుడే. లారీలు ఆగితే ఆగనీ!"

ఆగాయి. హారన్లు మోగుతూనే ఉన్నాయి. అమ్మాయి ఒక్కో ప్రోగ్రాం ఆపి, దానికో సొంత పేరు పెట్టి, ఎంతసేపు ఆగాలో గడువు పెట్టింది. ల్యాప్‌టాప్ మీద బాబాయి పేరు ఒక్కో వరుసా పోతూ వచ్చింది. ఒక్కటి మాత్రం…

పోలేదు.

"ప్రోగ్రాములు నాలుగేనా సార్?"

"నాలుగే."

అమ్మాయి స్క్రీన్ దగ్గరికి వంగింది. "ఇది దేన్నీ పట్టుకోలేదు… దేనికీ అడ్డం లేదు. ఇది విప్పుతోంది. రోజూ ఆ బిగిసిపోయినవాటిని వదిలిస్తోంది — ఇదే."

"ఎక్కణ్ణుంచి?" అన్నాడు మేనేజరు.

"చివరి గదిలోంచి అని చూపిస్తోంది."

"అక్కడేముంది? కంప్యూటరు ఎప్పుడో పీకేశాం!"

ముగ్గురూ నడవాలోకి నడిచారు. మేనేజరు తాళం తీసి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల ఖాళీ బల్ల. వేలాడే వైర్లు. దుమ్ము పట్టిన చక్రాల కుర్చీ. అమ్మాయి చేతిలో ల్యాప్‌టాప్ మీద ఆ వరుస ఇంకా ఉంది… ఇంకా పనిచేస్తూనే ఉంది.

పిన్నికి భయం వేయలేదట. ఒళ్ళు మండిపోయిందట.

"చచ్చినా మానలేదా మీరు?" అని ఆ కుర్చీ మీద కేకలేసింది. "వీళ్ళ కోసమా? మిమ్మల్ని తిన్న ఈ గోదాం కోసమా?"

ఆ తర్వాత పిన్ని ఆ కుర్చీ దగ్గరికెళ్ళి, పక్కనున్న మనిషికి చెప్పినట్టు మెల్లగా అంది —

"బాగైపోయిందండీ. ఈ అమ్మాయి బాగు చేసింది. ఇక్కడ ఇంకెవరికీ మీతో పనిలేదు. లేవండి… ఇంటికి పదండి."

ల్యాప్‌టాప్ మీద ఆ వరుస చెరిగిపోయింది.

చక్రాల కుర్చీ మెల్లగా వెనక్కి జరిగింది.