తిత్తి గొట్టం తుడవకూడదు

హనీఫాకు అన్నింటికన్నా పెద్ద భయం ఒకటే. తన మొగుడు దస్తగిరి ఎప్పటికైనా మేళంలో ఊదే ఆ తోలుతిత్తిని చంకన పెట్టుకుంటాడని, ఊది ఊది రక్తం కక్కుకుని పోతాడని, ఈ చిన్న వయసులోనే తను చంకలో ఆడపిల్లతో మిగిలిపోతుందని.

ఆ భయం ఊరికే రాలేదు. దస్తగిరి తాత అట్లాగే పోయాడు. మామ అల్లాబక్షుకు జతగా తిత్తి ఊదిన ముత్యాలయ్య కూడా అట్లాగే పోయాడు. తిత్తి మనిషి ఊపిరి తాగుతుందని తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అయిదో తరగతితో బడి మానేసిన హనీఫాకు అంతకు మించి శాస్త్రం తెలియదు. మామ దస్తగిరిని ఆ తిత్తి ముట్టుకోనివ్వడు, అదొక్కటే ఆమెకు ధైర్యం. కాకపోతే ఆ ముట్టుకోనివ్వకపోవడంలో ఎంత ఈసడింపు ఉండేదంటే, ధైర్యం కూడా చేదుగానే ఉండేది.

వాళ్ళది దూదేకుల ఇల్లు. మామూలు రోజుల్లో దూది ఏకడం, పెళ్ళిళ్ళ రోజుల్లో మేళం. ఆ రోజు పొద్దున కూడా అల్లాబక్షు కొట్టంలో దూది ఏకుతూ దగ్గుతున్నాడు. దూది నుసిలో దగ్గని వాడెవడు? ఆ దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. హనీఫా పాపను చంకనేసుకుని గంజి తీసుకెళ్ళింది.

"ఏంది మే ఇది? గంజా, గోడకు కొట్టే సున్నమా?"

"తాగి చెప్పండి మామా."

"ఆడ పెట్టి పో. నువ్వు చేతికి అందియ్య పన్లేదు. నా పళ్ళెం నేను కడుక్కుంటా, దాని జోలికి రావాకు."

పాప మస్తాన్‌బీ చంకలోంచి జారి, పాక్కుంటూ తాత మోకాలు పట్టుకోబోయింది. అల్లాబక్షు నిప్పు తగిలినట్టు కాలు వెనక్కి లాక్కున్నాడు.

"తియ్ దాన్ని! ఈ పిల్లని నా ముందరికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాల?"

హనీఫా బిడ్డను ఎత్తుకుని వచ్చేసింది. మగపిల్లాడైతే ఈపాటికి భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు కాదూ అనుకుంది. వంటింట్లో అత్త బడేబీ కోడలి మొహం చూసి మూతి విరిచింది.

"ఆయనకి మనుషులంటేనే పడదులే. నన్ను మాత్రం ఏమేలుకున్నాడు? ముత్యాలయ్య పోయినప్పట్నించీ అరుగు మీదే పడక. ముసలిదాన్ని కంపు కొడతా ఉండానేమో!"

అంతలో దస్తగిరి తల దువ్వుకుంటూ వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"అన్న వస్తా ఉండాడు ఈ పొద్దు. నెల్లూరు నించి కళాసమితి వాళ్ళని తెస్తాడంట. పొటోలు తీస్తారు, టేపులో మాటలు పట్టుకుంటారు. ఇవాళన్నా నాయన తిత్తి నా చేతికిస్తాడేమో."

"ఇయ్యకుంటేనే మేలు. డోలు కొట్టుకుంటా ఉండావు గదా, చాల్లే."

"నువ్వు కూడా నాయన మాటే! డోలు వాయించేవాళ్ళు సందుకొకరు. తిత్తి మళ్ళీ లేపిన మనిషికి కొడుకుని నేను. నాకు ఊదను రాదంటే ఊళ్ళో మేళాలోళ్ళు నవ్వుతా ఉండారు."

నవ్వడానికి కారణం లేకపోలేదు. తిత్తి అంటే మేకతోలు చీల్చకుండా ఒలిచి, మెడ బిగించి కట్టి, ఒక కాలికి ఊదే గొట్టం, ఇంకో కాలికి పలికే గొట్టం పెట్టిన వాద్యం. సన్నాయి వెనక ఒకే శ్రుతి తెగకుండా పలుకుతూ ఉంటుంది. శ్రుతిపెట్టెలు వచ్చాక దాన్ని అందరూ అటకెక్కించారు. మళ్ళీ కిందికి దింపింది అల్లాబక్షు, ముత్యాలయ్య. మొదట్లో పెళ్ళి పందిళ్ళలో కుర్రకారు మేకలా అరిచి వెక్కిరించారు. తర్వాత ఒక్కో మేళమూ తిత్తి కట్టించుకుంది. ఇప్పుడు చుట్టుపక్కల అన్ని మేళాల్లోనూ తిత్తి ఉంది. దాన్ని బతికించిన ఇంట్లో మాత్రం ఏడాదిగా దూలానికి వేలాడుతోంది. మేళానికి అరువు తెచ్చుకున్న శ్రుతిపెట్టె.

మధ్యాహ్నానికి కారు వచ్చింది. ముందు సీట్లోంచి పెద్దకొడుకు ఖాదరు దిగాడు. నెల్లూరులో గుమాస్తా. తిత్తి పేరు చెబితే ఒకప్పుడు ముక్కు మూసుకున్నవాడు. తన పెళ్ళికి బ్యాండుసెట్టు పెట్టించుకున్నవాడు. ఈ మధ్య సమితిలో సభ్యుడయ్యాక ఆ మేకతోలు వాసన అతనికి అత్తరులా తోస్తోంది. వెనకాల కార్యదర్శి కామాక్షయ్య గారు తెల్లటి పంచె కుచ్చెళ్ళు పట్టుకుని దిగారు. ఇంకో మనిషి టేపు రికార్డరు, కెమెరా మోసుకొచ్చాడు.

కామాక్షయ్య గారు కుర్చీ దుమ్ము దులిపించుకుని కూర్చున్నారు. "అల్లాబక్షూ, తిత్తి పునరుద్ధరణ చరిత్రను మేము భద్రపరచదలిచాం. సంచిక వేస్తున్నాం. రాబోయే తరాలకు తెలియాలి."

"చరిత్రా? మేక చచ్చింది సామీ, తోలు మిగిలింది. అదే చరిత్ర."

ఖాదరు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూశారా సార్, ఆయన మాటే అంత! నాయనా, మొదట్లో నేను నీకు ప్రోత్సాహం ఇచ్చిన సంగతి కూడా చెప్పు."

"నువ్వా? నీ పెళ్ళిలో నన్ను వంటగుండిగల పక్కన కూర్చోబెట్టినావే, ఆ సంగతి చెప్పేదా?"

కెమెరా మనిషి నవ్వు ఆపుకున్నాడు. ఖాదరు నవ్వుతూనే ఉన్నాడు. సిగ్గు లేని వాళ్ళకు అదొక సుఖం.

తిత్తి దింపారు. ఖాదరే తడిపి, నూనె రాసి తెచ్చాడు. కామాక్షయ్య గారు ఫొటో ఎలా ఉండాలో చెప్పారు. "పెళ్ళిలో ముహూర్తం నుంచి తలంబ్రాలు అయిందాకా శ్రుతి తెగకూడదట కదా. ఒకరికి ఊపిరి అయిపోతే పక్కవాడు అందుకోవాలట. గొట్టం తుడిస్తే జతగాణ్ణి అవమానించినట్టట. ఎంత గొప్ప ఆచారం! అదే కావాలి మాకు. తండ్రి ఊదుతాడు, కొడుకు తుడవకుండా అందుకుంటాడు."

దస్తగిరి మొహం వెలిగింది. వచ్చి తండ్రి పక్కన కూర్చుని చెయ్యి చాపాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి ఇరగ్గొడతా!" అన్నాడు అల్లాబక్షు. "నీ మొహానికి తిత్తా? అద్దంలో నీ రొమ్ము చూసుకున్నావా ఎప్పుడన్నా? కోడిపిల్లకి నీకన్నా దమ్ముంది. పో, పొయ్యి డోలు బాదుకో. బాదేదానికి బుద్ధి అక్కర్లేదు గదా."

వచ్చినవాళ్ళు నవ్వారు. ఖాదరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. దస్తగిరి చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాలి మీద పెట్టుకున్నాడు.

తలుపు చాటునున్న హనీఫా సంతోషపడాల్సిన చోటు అది. మొగుడు బతికిపోయాడు. కానీ ఆ చెయ్యి చూశాక ఆమెకు భయం గుర్తు రాలేదు. పరాయి మగవాళ్ళున్నారన్న జంకు కూడా లేకుండా, చంకలో బిడ్డతో చావడిలోకి వచ్చేసింది.

"ఇంక చాలు మామా! నా మొగుడు మనిషి కాడా? నా చేతి గంజి సున్నం, నా బిడ్డ చీడపురుగు. పుట్టినప్పట్నించి ఒక్కసారన్నా ఎత్తుకున్నారా దీన్ని? ఆడపిల్లైతే ముట్టుకుంటే మైలా?"

"లోపలికి పో మే."

"పోను. " మొగుడి వైపు తిరిగింది. "ఊదయ్యా నువ్వు, ఊది చూపించు! ఎవరికి దమ్ము లేదో చూద్దాం." వంగి తిత్తిని లాగి గొట్టం పైకెత్తింది. తను అన్నింటికన్నా భయపడే పనిని తనే చేస్తున్నానని ఆమెకు తట్టలేదు. గొట్టం దస్తగిరి దాకా పోలేదు. చంకలోని పాప రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. ఆ వయసు పిల్లలు చేతికందిన దాన్నల్లా పెట్టుకున్నట్టే నోటికి తీసుకుంది.

అల్లాబక్షు గాలిలా లేచాడు. చాచి కొట్టాడు. దెబ్బ పాప చేతి మీద పడింది. గొట్టం ఊడి కిందపడింది. ముసలాయన దాన్ని మడమతో పగలదొక్కాడు, ముక్కలు ముక్కలయ్యేదాకా. బిడ్డ గుక్క తిప్పుకోలేక ఏడ్చింది.

"పసిబిడ్డని కొట్టినాడు!" అంటూ బడేబీ పరిగెత్తుకొచ్చింది. "నీ చేతులు పడిపోను, నీకేమొచ్చిందయ్యా!"

"దాని నోరు కడుగు ముందు!" అల్లాబక్షు అరిచాడు. అరవగానే దగ్గు వచ్చింది. గోడ పట్టుకుని దగ్గాడు. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు, తీసినప్పుడు దాని మీద ఎర్రగా ఉంది. "ముత్యాలుగాడు ఆ గొట్టంలోనే చచ్చినాడు. నేనూ చస్తా ఉండా. ఇంటిల్లిపాదీ చావాలనా మీకు?"

మెల్లగా ఆయనే చెప్పాడు. ముత్యాలయ్యను పెద్దాసుపత్రికి తీసుకుపోయిన రోజు డాక్టరు అల్లాబక్షు రొమ్ము కూడా చూశాడు. ఇద్దరిదీ క్షయేనన్నాడు. ఎంగిలి కలవనివ్వొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు అన్నాడు. ఆసుపత్రిలో ఉండి సూదులు వేయించుకోమన్నాడు.

"మరెందుకు చెప్పలా నాయనా?" అన్నాడు దస్తగిరి.

"చెప్తే? క్షయ మేళాన్ని ఏ పెళ్ళికి పిలుస్తారురా? నీ డోలు ఎవుడింట్లో మోగుద్ది? నీకు తిత్తి అంటే పిచ్చి. బుజ్జగించి చెప్తే ఇంటావా? అందుకే తిట్టినా. తిడితే రోషానికన్నా దూరంగా ఉంటావనుకున్నా." పాప వైపు చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు. "ఆ పిల్ల నా మోకాలి మీద చెయ్యేసిన ప్రతిసారీ…" అని ఆగిపోయాడు.

బడేబీ ఆయన ముందు చతికిలబడింది. "అరుగు మీద పడుకుంటే నా మీద విరక్తి అనుకున్నా గదయ్యా. ఇన్నాళ్ళూ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నా గదయ్యా!"

హనీఫా బిడ్డ మూతి కొంగుతో తుడిచింది. సున్నమని తోసేసిన గంజి, తనే కడుక్కునే పళ్ళెం, వెనక్కి లాక్కున్న కాలు, అన్నీ ఇంకో రకంగా కనిపించాయి. ఆయన ఈసడింపు తింటూ పెరిగిన తన బిడ్డకు ఇంతవరకూ దగ్గన్నది రాలేదు.

కామాక్షయ్య గారు అప్పటికే కుర్చీని గుమ్మం దాకా జరుపుకున్నారు. ఉత్తరీయం ముక్కుకు చుట్టుకున్నారు. "టేపు ఆపవయ్యా," అన్నారు.

"ఆపొద్దు," అన్నాడు అల్లాబక్షు. "చరిత్ర కావాలన్నావు గదా సామీ, పట్టుకో. ఈ పక్క ఊళ్ళో పెళ్ళి. ఉప్పుగాలికి శ్రుతిపెట్టెలో పలికే రేకులు తుప్పుపట్టి ఆడనే ఆగిపోయింది. సన్నాయి ఒంటరిదైపోయింది. పీటల మీద పిల్ల ఏడుపు మొహం పెట్టింది. మీ నాయన తిత్తి అటక మీద ఉంది గదా, తెద్దాం రారా అని ముందు అడిగింది ముత్యాలు. నేను వద్దన్నా, నవ్వుతారన్నా. సైకిలేసుకుని వాడే పోయి తెచ్చినాడు. నవ్వినవాళ్ళ ముందర వాడే ఊదినాడు. వాడి పేరు రాసుకో. గొట్టం తుడవకుండా నాకిచ్చినాడు, నేను తుడవకుండా తీసుకున్నా. ఒకరి మీద ఒకరికి అంత గౌరవం! అదీ రాసుకో."

"ఇవన్నీ సంచికకు పనికిరావు," అన్నారు కామాక్షయ్య గారు లేస్తూ. "చదివేవాళ్ళకు ఉత్సాహం కలగాలి కానీ, రోగాలూ రొష్టులూ ఎందుకు?"

బడేబీ ఇచ్చిన టీ గ్లాసులు ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. ఖాదరు కూడా వాళ్ళ వెంటే కారెక్కాడు. తండ్రిని కాదు, కారు అద్దంలో తన జుట్టును చూసుకుంటూ పోయాడు.

తర్వాత కొన్ని నెలలకు సంచిక వచ్చింది. సమితి అవిరళ కృషి వల్ల, శ్రీ ఖాదరు గారి ప్రోత్సాహం వల్ల తిత్తి మళ్ళీ ప్రాణం పోసుకుందని అందులో ఉంది. అల్లాబక్షు ఫొటో ఉంది. ముత్యాలయ్య పేరు ఎక్కడా లేదు. బడేబీ దాన్ని పొయ్యి రాజేయడానికి వాడింది. కాగితం మంచిదే, బాగా మండిందని చెప్పింది.

ఆ లోపలే దస్తగిరి తండ్రిని పెద్దాసుపత్రిలో చేర్చాడు. ఊళ్ళో మేళాన్ని పిలవడం తగ్గింది. తగ్గినా దూది ఉంది, తింటున్నారు. పాత తిత్తిని సముద్రం ఒడ్డున పూడ్చేశారు. దస్తగిరి కొత్త తోలు, కొత్త గొట్టం కట్టుకున్నాడు. ఆదివారాలు ఆసుపత్రి వేపచెట్టు కింద దూరంగా నిలబడి ఊదుతాడు. మంచం మీదనించి ఆయన, "అది శ్రుతా, దున్నపోతు అరుపా? చంక బిగించరా!" అని తిడతాడు. దస్తగిరి నవ్వుతాడు. హనీఫా కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది. ఇప్పుడు ఆమె మొగుడి గొట్టాన్ని రోజూ వేడినీళ్ళలో కడుగుతుంది, ఎవరు ఎంత అవమానం అనుకున్నా సరే.

ఒకరోజు కొత్తగా వచ్చిన డాక్టరు అడిగాడు: "ఆ గొట్టం ఊదినాయన పోయాడన్నారు. ఆయన ఇంట్లో వాళ్ళను ఎవరన్నా చూశారా?"

ఎవరూ చూడలేదు. చరిత్ర రాసినవాళ్ళూ చూడలేదు, రాయించినవాళ్ళూ చూడలేదు, హనీఫా కూడా చూడలేదు. ముత్యాలయ్య భార్య చెంచమ్మ ఆయనకు కడదాకా అన్నం తినిపించిన మనిషి. దస్తగిరీ హనీఫా ఆమె ఉండే చిల్లకూరు వెళ్ళేసరికి గుడిసె పడిపోయి ఉంది. నాట్లకని మనుబోలు వైపు పోయింది, పోయేటప్పుడు కొంచెం దగ్గుతా ఉండింది అన్నారు పక్కింటివాళ్ళు. హనీఫా బిడ్డనెత్తుకుని మనుబోలులో రెండు వీధులు తిరిగింది. దొరకలేదు.

ఈ కథ చదివినవాళ్ళలో ఎవరైనా మనుబోలు మీదుగా పోయేవాళ్ళుంటే, నాట్లు వేసే ఆడవాళ్ళలో చెంచమ్మ అనే ఆమె ఉందేమో అడగండి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు ఉంటుంది. దగ్గు ఎట్లా ఉందని అడిగితే దుమ్ము పడిందని చెబుతుంది. నమ్మకండి. దయచేసి ఆసుపత్రి దాకా తోడు వెళ్ళండి.