గాలి ఆడే గది

బొగోటా బస్టాండులో దిగేసరికి ఉదయం ఏడైంది. మరిత్సా ఒకదానిమీద ఒకటి రెండు స్వెట్టర్లు తొడుక్కుంది. అయినా పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. తమ ఊరు నాతగైమాలో ఈ వేళకి నది ఒడ్డున చేపలు కడిగేవాళ్ల వీపుల మీద ఎండ చురుక్కుమంటూ ఉంటుంది. ఇక్కడ మబ్బు కొండల మీంచి దిగివచ్చి, మిద్దెల మీదే కూర్చున్నట్టుంది.

తండ్రి ఎవేలియో రెండు గ్లాసుల్లో వేడి బెల్లంనీళ్లు తెచ్చి ఒకటి ఆమె చేతికిచ్చాడు.

"తాగు. గొంతు పట్టేసిందంటే రేపు పరీక్షలో దగ్గుతూ కూర్చుంటావు."

"రాసే పరీక్ష నాన్నా. పాడేది కాదు."

ఆయన నవ్వలేదు. బస్సెక్కింది మొదలు ఆయన నోట పట్టుమని పది మాటలు రాలేదు. ధాన్యం మిల్లులో యంత్రాలతో కూడా వేళాకోళాలాడే మనిషి. విశ్వవిద్యాలయం నుంచి ప్రవేశ పరీక్షకి పిలుపు వచ్చిన రోజు నుంచీ అలా మూగపోయాడు. అనుమతి కాగితం మూడు వారాలు ఫ్రిజ్ మీదే పడి ఉంది. చివరికి తల్లి రోసాల్బా కలం తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. "సంతకం పెడతావా, నీ పేరు నన్నే గీకెయ్యమంటావా?" అంది. అప్పుడు పెట్టాడు.

పరీక్ష మర్నాడు పొద్దున ఎనిమిదింటికి. ఈ ఊళ్లో బస్సుల్ని నమ్ముకుని బయల్దేరితే పరీక్ష అయిపోయాక చేరతారు. నడిచి వెళ్లేంత దూరంలో ఒక్క రాత్రికి గది కావాలి. తమ స్థోమతకి తగ్గది దొరికితే చాలు.

మొదటి హోటల్లో గాజు తలుపు తెరిచిన కుర్రాడు అద్దె చెప్పగానే తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని బయటికొచ్చేశారు. ఆ డబ్బుతో ఇంట్లో నెలరోజుల బియ్యం వస్తుంది. రెండోచోట కిటికీ వెనకనున్న ఆవిడ గోళ్లకు రంగేసుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"గంటకా, రాత్రికా?"

"గంటకేంటి?" అన్నాడు ఎవేలియో అర్థంకాక.

ఆవిడ తలెత్తి ఆయన్నీ, పక్కనున్న పదిహేడేళ్ల పిల్లనీ చూసి నాలిక్కరుచుకుంది. "అయ్యో, మీ అమ్మాయా అన్నా! తప్పు తప్పు. ఇది మీలాంటి వాళ్లుండే చోటు కాదు, ఇంకో వీధి చూసుకోండి."

మరిత్సాకి నవ్వాగలేదు. ఎవేలియో చెవులు మిరపకాయల్లా ఎర్రబడ్డాయి. ఆ రోజు ఆమె నవ్వడం అదే ఆఖరు.

ఆ తర్వాత చూసిన ప్రతి ఇంట్లోనూ ఒకటే తంతు. గదిలోకి అడుగుపెట్టగానే ఆయన మంచం వైపు, దుప్పట్ల వైపు చూడడు. కిటికీ తీసి వేసి చూస్తాడు. గోడలు తడుముతాడు. స్నానాల గదిలోకి వెళ్లి, తల పైకెత్తి, వాసన పట్టే కుక్కలా గాలి పీలుస్తాడు. బయటికొచ్చి "ఇది వద్దు" అంటాడు. ఎందుకో చెప్పడు.

మధ్యాహ్నం రెండింటికి బెర్టిల్డా అనే పెద్దావిడ ఇల్లు కనిపించింది. మూడంతస్తుల పాత ఇల్లు. రెండో అంతస్తులో ఎదురుగా మంచం, మందపాటి కంబళి. కిటికీలోంచి చూస్తే విశ్వవిద్యాలయం గేటు ఎదురుగానే ఉంది. అద్దె వాళ్లు ఇవ్వగలిగేంతే.

"చలికి భయపడక్కర్లేదు తల్లీ," అంది బెర్టిల్డా మరిత్సా చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ. "మీ ఎండదేశం పిల్లలు ఇక్కడికొచ్చి వణికిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇల్లంతా ఎక్కడా గాలి చొరకుండా చేయించా. వేడినీళ్లు ఎప్పుడంటే అప్పుడే. పక్కన అయిదో నంబరు గదిలో పితలితో అనే ఊరి నుంచి ఇద్దరబ్బాయిలు దిగారు. వాళ్లదీ రేపు పరీక్షే."

మరిత్సాకి అక్కడే కూలబడాలనిపించింది. ఇంతలో స్నానాల గదిలోంచి తండ్రి గొంతు వినిపించింది.

"అమ్మగారూ, ఈ గ్యాస్ గీజర్ గొట్టం గోడ దగ్గర ఊడిపోయింది. పొగంతా లోపలికే వస్తుంది. పైన వెంటిలేటర్లో ఈ కాగితాలేంటి?"

"చలిగాలి రాకుండా అన్నా. పదేళ్లనుంచీ ఇలాగే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు."

"తీసెయ్యండి. గొట్టం బాగుచేయించండి."

"ఈ వారం మనిషొస్తానన్నాడు. మీరు ఊరికే కంగారు పడకండి."

ఎవేలియో ఇంకేదో అనబోయాడు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. కూతురి చెయ్యి పట్టుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత మూడుగంటలు తిరిగారు. జల్లు మొదలైంది. ఒకచోట గది లేదన్నారు, ఒకచోట కిటికీ లేదని ఆయనే వద్దన్నాడు. అంబులెన్సు ఒకటి కూత పెట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోతే, నడుస్తున్న ఎవేలియో ఠక్కున ఆగి అది మలుపు తిరిగేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు. మరిత్సా బూట్లలోకి నీళ్లొచ్చాయి. పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదంతా అప్పుడు తెగింది.

"నాన్నా, ఒక్కటి చెప్పు. నేను పరీక్ష రాయడం నీకిష్టమేనా?"

"పద. ఆ వీధి చివర ఇంకోటుందట."

"అక్కడికెళ్లి ఏం వంక పెడతావు? ఒకచోట గొట్టం, ఒకచోట కిటికీ, ఒకచోట గోడ! మనం గది వెతుక్కుంటున్నామా, తప్పులు వెతుక్కుంటున్నామా?"

"మరిత్సా, ఇది రోడ్డు. అరవకు."

"అరుస్తా! కాగితం మీద సంతకం పెట్టడానికి మూడు వారాలు పట్టింది నీకు. అమ్మ లేకపోతే ఈ బస్సే ఎక్కనిచ్చేవాడివి కాదు. నేను అలిసిపోయి 'ఇంటికి పోదాం' అంటాననేగా నీ ఆశ?"

ఆయన టోపీ తీసి నీళ్లు దులిపాడు.

"ఆరున్నరకి మన ఊరి బస్సుంది. వచ్చే ఏడాది రాద్దువుగాని తల్లీ. అప్పటికి నేనే ముందొచ్చి మంచి గది చూసి పెడతా."

మరిత్సా ఆయన మొహంలోకి చూసింది. ఇంత పిరికి మొహం తన తండ్రిదేనా అనిపించింది.

"నువ్వెళ్లు," అంది. "నేను తమాలే పిండివంట అమ్ముకున్న డబ్బు నా దగ్గరుంది. నా గది నేనే తీసుకుంటా."

సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరిగి చూడకుండా బెర్టిల్డా ఇంటికి నడిచింది. వెనకనుంచి ఆయన పిలవలేదు. పిలవకపోవడమే ఆమెకి ఎక్కువ కష్టంగా తోచింది.

బెర్టిల్డా తడి బూట్లు విప్పించి వేడి సూపు ఇచ్చింది. అందరూ వాడుకునే స్నానాల గదిలో గీజర్ అప్పటికే గుయ్యిమంటూ మండుతోంది. పై అంతస్తు వాళ్లూ, అయిదో నంబరు అబ్బాయిలూ వరసగా స్నానాలు చేశారట. నీలంగా ఉండాల్సిన మంట పసుపుపచ్చగా ఊగుతోంది. మరిత్సాకి ఆ తేడా తెలియదు. వేడినీళ్లు వీపు మీద పడుతుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే స్నానం ముగించి కంబళిలో దూరింది.

తలనొప్పి మొదలైంది. కొండల మీది ఊరు కదా, మొదటిరోజు తల బరువెక్కుతుందని అమ్మ ముందే చెప్పింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా కదిలాయి. కడుపులో తిప్పుతోంది. లేచి కిటికీ తీద్దామనుకుంది. కాళ్లు తనవి కానట్టున్నాయి. పక్కగదిలో ఇందాకటి దాకా పాటలు పెట్టుకుని నవ్వుకున్న అబ్బాయిల చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు. ఇల్లంతా దూది కుక్కినట్టు నిశ్శబ్దంగా ఉంది. ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటే చాలనుకుంది.

తలుపు దబదబా మోగింది.

"మరిత్సా! తలుపు తియ్యి! తియ్యవే!"

తండ్రి గొంతు. చెప్పిన మాట వినడానికి కాదు, ఆయన్ని నాలుగు దులపడానికే లేచింది. గొళ్లెం తీసిందో లేదో మోకాళ్లు మడతపడ్డాయి. ఎవేలియో ఆమెని రెండు చేతులా ఎత్తుకుని మెట్ల దగ్గరి కిటికీ వరకు మోసుకుపోయి, మోచేత్తో అద్దం పగలగొట్టాడు. చల్లగాలి ఈడ్చి మొహాన కొట్టింది.

"పీల్చు! గట్టిగా పీల్చు!" అని, పరుగెత్తి గీజర్ ఆపేశాడు.

కింద నుంచి బెర్టిల్డా రొప్పుతూ ఎక్కి వచ్చింది. "నా అద్దం! నీకేమన్నా పిచ్చా ఏంటయ్యా?"

"అయిదో నంబరు పిల్లలేరీ?"

"పడుకున్నారు. తలనొప్పన్నారు, మాత్రలిచ్చా..." అంటూనే ఆవిడ ఆగిపోయింది.

ఆ గదికి వీధివైపు కిటికీ లేదు. ఉన్న ఒక్క వెంటిలేటరూ స్నానాల గదిలోకే. ఎవేలియో తలుపు తట్టాడు. బాదాడు. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండడుగులు వెనక్కి వేసి భుజంతో గుద్దాడు. మూడో దెబ్బకి గడియ ఊడింది. ఇద్దరబ్బాయిలూ మంచాల మీద పడి ఉన్నారు, బుగ్గలు ఎర్రగా, నిద్రపోతున్న పసిపిల్లల్లా. ఒకడి నోటివెంట నురగ.

పై అంతస్తు విద్యార్థులు వచ్చి పట్టారు. అందరూ కలిసి ఆ ఇద్దర్నీ వీధిలోకి, వానలోకి మోసుకెళ్లారు. అంబులెన్సు వచ్చి ముక్కులకి ఆక్సిజన్ పెట్టాక చిన్నవాడు వాంతి చేసుకుని "అమ్మా" అన్నాడు. కాసేపటికి రెండోవాడూ కళ్లు తెరిచాడు.

మరిత్సాకీ కాసేపు ఆక్సిజన్ పెట్టి చూసి, పర్లేదన్నాడు అంబులెన్సు మనిషి. "ఆ గీజర్ విషవాయువు ఇంకో అరగంట పీల్చుంటే ఆ ఇద్దర్నీ తెల్లగుడ్డ కప్పి తీసుకెళ్లేవాళ్లం," అని వాళ్లని ఎక్కించుకుని తలుపు వేసుకున్నాడు.

బెర్టిల్డా కాలిబాట మీదే కూలబడింది. "చలేస్తుందనే కదా... పిల్లలకి చలేస్తుందనే నా చేతుల్తో కుక్కాను," అంటూ ఆ చేతుల్నే నెత్తిన కొట్టుకుంది.

ఎవేలియో ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. తిడతాడనుకుంది మరిత్సా. ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఆపాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "నాకు తెలుసు."

తర్వాత బల్ల ఒకటి తెప్పించి ఇంట్లో ఉన్న వెంటిలేటర్లన్నీ తిరిగాడు. కుక్కి ఉన్న కాగితాలు ఒక్కొక్కటే పీకి కింద పడేశాడు. ఆఖరిది మరిత్సా దిగిన నాలుగో నంబరు గది పక్కన, ఆమె స్నానం చేసిన గదిలోది. అది చేతిలోకి రాగానే బల్ల దిగి, మెట్ల మీద కూర్చుని, ఆ ఉండని మెల్లగా విప్పసాగాడు. విప్పుతూ విప్పుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. తండ్రి ఏడవడం మరిత్సా ఎన్నడూ చూడలేదు. నానమ్మ పోయినప్పుడు కూడా.

ఆమె వెళ్లి పక్కన కూర్చుంది.

"మీ నోహేమీ అత్త జ్వరంతో పోయిందని చెప్పాం కదూ నీకు," అన్నాడు. "జ్వరం కాదు. నర్సు చదువుకని ఈ ఊరే వచ్చింది. తోడు నేనొచ్చా. పన్నెండేళ్లు నాకు. రోజంతా ఇలాగే గది కోసం తిరిగాం. చివరికి ఒకటి దొరికింది. అక్కకి చలి. చేతులు నీలమైపోయాయి. స్టూలెక్కి నేనే..."

చేతిలోని కాగితం వైపు చూశాడు.

"నేనే కుక్కా. గాలి రాకుండా, గట్టిగా. 'నువ్వు నా మేస్త్రీవిరా' అని ముద్దు పెట్టింది. మర్నాడు నన్ను బస్సెక్కించింది. నాలుగు రోజులకి మా మామయ్య శవాన్ని తెచ్చాడు. వెంటిలేటర్లో ఎవరో కాగితాలు కుక్కారట అని మా అమ్మకి చెబుతుంటే తలుపు చాటునుంచి విన్నా. ఎవరని ఎవరూ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. అమ్మ పోయేదాకా చెప్పలేదు. మీ అమ్మకీ తెలియదు."

మరిత్సా ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. రోడ్డు మీద తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా తిరిగొచ్చి తననే గుచ్చాయి. పిరికి మొహం అనుకుంది. ఆ మొహంతోనే ఆయన ఇందాక తలుపు పగలగొట్టాడు.

"మధ్యాహ్నం గట్టిగా చెప్పాల్సింది," అన్నాడాయన. "ఆ కాగితం కనపడగానే నోరు పడిపోయింది. పారిపోయాను. ఆ పిల్లలకేమన్నా అయ్యుంటే..."

"తిరిగొచ్చావు కదా నాన్నా." ఆమె ఆయన చేతిలోంచి కాగితం తీసి పక్కన పెట్టింది. "నీకప్పుడు పన్నెండేళ్లు. అక్కకి చలేస్తోందని చేశావు."

"చనిపోయిన మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారే?"

ఆమె ఆయన భుజానికి తల ఆనించింది. ఆయన ఆమె జుట్టు మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తున్నట్టు, చాలాసేపు అలాగే ఉంచాడు.

ఆ రాత్రి బెర్టిల్డా ముందుగదిలో, కిటికీలన్నీ బార్లా తెరిచి, అందరూ ఉన్న కంబళ్లన్నీ కప్పుకుని పడుకున్నారు. చలికి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎవరూ కిటికీ వెయ్యమనలేదు.

తెల్లారి ఏడున్నరకి గేటు ముందు వరస మూడు మలుపులు తిరిగి ఉంది. ఎవేలియో కూతురి కాలరు సరిచేశాడు. పెన్సిళ్లున్నాయా అని అడిగాడు. కుదుటపడ్డట్టు కనిపించాడు కానీ కళ్లు వాచి ఉన్నాయి.

"నేనిక్కడే ఉంటా. ఎంతసేపైనా."

"నాన్నా, అమ్మకి చెప్పు."

"ఏమని చెప్పనే? ముప్పై ఏడేళ్లయింది."

"నాకు చెప్పినట్టే చెప్పు."

వరస కదిలింది. మరిత్సా ఒక్కో అడుగూ ముందుకి జరుగుతూ వెనక్కి చూస్తూనే ఉంది. ఆయన రోడ్డు దాటి ఎదుటి పిట్టగోడ మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, దానివంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకున్నాడు.

పెదవులు కదలడం కనిపించింది. మధ్యలో ఆగి, మొహం తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.

"కార్డు చూపించమ్మా," అన్నాడు గేటు దగ్గరి మనిషి.

మరిత్సా కార్డు చూపించి లోపలికి నడిచింది.