లిఖిత నాదవాటా

సుధేష్ణ గది మధ్యలో నిలబడి చేతులు రెండూ గట్టిగా చరిచింది. కిటికీ వైపు వెళ్లిన చప్పుడు పదునుగా తిరిగొచ్చింది. వంటగది వైపు వెళ్లింది మాత్రం అటే పోయింది. మణికట్టు మీది స్వరమాపి ఆ సంగతి అంకెల్లో చూపించేలోపే, కిటికీకి మందపాటి కర్టెన్ వేయించుకోమని చెప్పేసి టీవీ ఉన్న గోడను వేళ్లతో తట్టడం మొదలుపెట్టింది.

మూసీ ఒడ్డున లేచిన ఈ టవర్లలో గోడలకూ నేలకూ మౌనపూత ఉంటుంది. పక్కింట్లో పెళ్లి జరిగినా, పసివాడు ఏడ్చినా ఇవతలికి తెలియదు. ఆ పూత మింగగలిగినంత చప్పుడే ఇళ్లలో పుట్టాలి గనుక, ఏ ఇంటికి ఎంత నాదవాటా ఇవ్వాలో నాదమండలి నిర్ణయిస్తుంది. లెక్కంతా మండలి కంప్యూటరు సంహిత చేస్తుంది. వాటా దాటకుండా, ఇంటివాళ్ల స్తోమతు దాటకుండా సినిమా చూసుకునేందుకు స్పీకర్ పెట్టెలు ఎంచిపెట్టడం నాదనిర్ణేతగా సుధేష్ణ ఉద్యోగం. ఆ పనిలో ఆమెకు తడబాటు ఉండదు. చాలా ఇళ్లలో టీ చల్లారేలోపే తేల్చేసి లేస్తుంది.

ఈ ఫ్లాట్ ఐలేష్‌ది. అదే టవర్లో లిఫ్టులు చూసుకుంటాడు. భార్య పుష్పలత కింద జొన్నరొట్టెల దుకాణం నడుపుతుంది. ఇద్దరూ పండుగ ఆఫర్‌లో పెట్టిన ఏడు పెట్టెల సెట్టు మీద మనసు పడ్డారు. ఆ సెట్టు ఈ గదికి దండగని సుధేష్ణ మొహమాటం లేకుండా చెప్పింది. వెనక పెట్టాల్సిన పెట్టెలు సోఫా వీపుకే ఆనుకుంటాయి, పక్కన పెట్టాల్సినవి తలుపుకు అడ్డం వస్తాయి, చివరికి డైలాగు ఒక్కటీ అర్థం కాదు. ఇంత చిన్న ఇంటికి మండలి మామూలుగా ఇచ్చే సలహా చెవిగింజలు. ఎవరి గింజ వాళ్లు చెవిలో పెట్టుకుంటే గాలిలో చప్పుడే ఉండదు, వాటాలో చాలావరకు మిగిలిపోతుంది.

చెవిగింజలన్న మాట వినగానే పుష్పలత మొహం వాడిపోయింది. ఐలేష్ లోపలి గదివైపు చూశాడు. గుమ్మంలో పదేళ్ల అమ్మాయి నిలబడి అందరి పెదాలనూ మార్చి మార్చి గమనిస్తోంది.

"మా లిఖిత కోసమే మేడమ్ ఇదంత. ఆమెకు పుట్టినప్పటిసంది ఇనవడదు. కానీ హాల్ల కూసున్నప్పుడు ఆమె మొకం మీరు చూడాలె," అన్నాడు.

జనగామ దగ్గర ఇంకా పూత వేయని పాత సినిమా హాలు ఒకటి ఉంది. చుట్టాలింటికి వెళ్లినప్పుడు లిఖితను అక్కడికి తీసుకుపోయారు. సినిమాలో వంతెన కూలే చోట ఆ పిల్ల ఉలిక్కిపడి చెప్పులు విప్పేసి, పాదాలు రెండూ నేలకు ఆనించిందట. శుభం కార్డు పడేదాకా అలాగే ఉందట. ఆ తర్వాత ఇంట్లో టీవీ పెడితే లేచి వెళ్లిపోతోంది. ఇవి సినిమాలు కావు, బొమ్మలు అని సైగ చేస్తోంది. ఇదంతా చెబుతూ పుష్పలత చీర కొంగుతో టీవీ మీద లేని దుమ్ము తుడిచింది.

సుధేష్ణ కూర్చోలేదు. తను కూడా చెప్పులు విప్పేసి గది నాలుగు మూలలా నడిచింది.

"టీవీ కింద ఒక సౌండ్ బార్ పెడదాం, మీ ఇద్దరికీ మాటలు స్పష్టంగా వినిపిస్తాయి," అంది. "లిఖితకు ఒక బాస్ పెట్టె, అదీ నేల మీద. కొత్త మోడల్ అక్కర్లేదు. పాతవి బరువుగా ఉంటాయి, చవగ్గా కూడా వస్తాయి. మనకు బరువే కావాలి."

స్వరమాపి ఒప్పుకోలేదు. తెర ఎర్రబడింది. ఈ ఇంట్లో శ్రోతలు ఇద్దరే. మూడో మనిషికి చెవి లేదు, కాబట్టి ఆమె గడిలో వాటా సున్నా. ఇద్దరి వాటాలో బాస్ పెట్టె పట్టదు. పట్టినా అదురును నేలలోని మౌనపూత మింగేస్తుంది. పూతను కొంతమేర విప్పితే తప్ప పాదాలకు ఏమీ అందదు. విప్పితే ఆ అదురు కింది ఇంట్లోకి దిగుతుంది. మండలి అనుమతి లేకుండా విప్పిన నిర్ణేత లైసెన్సు పోతుంది. ఇవన్నీ సుధేష్ణకు తెలుసు. అమ్మాయి ఇంకా తన పెదాలవైపే చూస్తోందని కూడా తెలుసు.

కింది ఇంట్లో ఎవరుంటారని అడిగింది. బాలనర్సు, అన్నాడు ఐలేష్ నీరసంగా. మెట్రో రైలు నడిపి రిటైరైన మనిషి. టవర్లో ఆయన ఫిర్యాదు చేయని ఇల్లు లేదు.

సుధేష్ణ ఒక్కతే కిందికి వెళ్లింది. బాలనర్సు తలుపు సగమే తీసి, చెప్పిందంతా విన్నాడు.

"చప్పుడు నా ఇంట్లకు రావాల్నని నన్నే అడగవడ్తివా?" అన్నాడు.

"మాటలు రావండీ. కప్పు అదురుతుంది, అంతే. మీరు వద్దంటే పూత ముట్టుకోను."

ఆయన తలెత్తి కప్పువైపు చాలాసేపు చూశాడు. ఎన్నో ఏళ్లుగా అక్కణ్నించి ఏదీ దిగలేదు.

"సినిమా ఏందో నాకు ముందుగాల చెప్పాలె. నెత్తి మీద ధనధన అంటుంటే, అది ఫైటింగో వానో తెల్వక కూసునుడు నాతోని కాదు," అన్నాడు. "ఇంకోటి. ఐతారం నేను చెప్పిన సినిమా పెట్టాలె."

సుధేష్ణ నవ్వు ఆపుకుని, ఆదివారం సంగతి పైవాళ్లతో మాట్లాడి ఒప్పిస్తానంది. ఆమె స్వరమాపి మీద ఆయన బొటనవేలు నొక్కి అంగీకారం ఇచ్చాడు. ఇలాంటి అంగీకారం పెట్టుకోవడానికి సంహితలో గడి లేదు. అందుకని అది ఫిర్యాదుల వరుసలో చేరి, ఫిర్యాదు లేదని చూపించింది.

పాత సామాన్ల దుకాణం నుంచి బాస్ పెట్టె మధ్యాహ్నానికి వచ్చింది. దాన్ని సుధేష్ణ మూలకు జరిపించింది. పుస్తకం ప్రకారం అదురు పెరిగేది అక్కడే. టైల్స్ లేపి పూత విప్పింది. వంతెన కూలే సినిమానే పెట్టించింది. లిఖిత ఉత్తికాళ్లతో గదంతా తిరిగి, మూల దగ్గర ఆగి తల అడ్డంగా ఊపింది. ఇంకొంచెం నడిచి, సోఫా పక్కన నిలబడి, ఇక్కడ అన్నట్టు మడమతో నేలను కొట్టింది. సుధేష్ణ మారుమాట లేకుండా పెట్టెను అక్కడికి మార్చి, ఆ చోట టైల్స్ లేపింది.

వంతెన మళ్లీ కూలింది. ఈసారి అమ్మాయి కళ్లు మూసుకుంది. మొదట పాదాలు వణికాయి, తర్వాత మొహమంతా విచ్చుకుంది. పుష్పలత గోడకు ఆనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఐలేష్ మాత్రం సినిమా చూడడం మానేసి కూతుర్నే చూస్తున్నాడు.

సుధేష్ణ స్వరమాపి తెరిచింది. మూడో శ్రోత పేరు లిఖిత అని రాసింది. వినే భాగం ఏదని అడిగిన చోట అరికాళ్లు అని రాసి, నమోదు నొక్కింది.

మండలి పర్యవేక్షకుడు వసంతరావు నుంచి వెంటనే కాల్ వచ్చింది.

"ఏం నమోదు చేశారు సుధేష్ణ గారూ? టవర్ లెక్క మొత్తం కదులుతోంది."

"ఆ అమ్మాయి దేంతో విందో అదే రాశాను సార్."

"అరికాళ్లు ఊళ్లో అందరికీ ఉంటాయి. అవి వినే భాగమైతే సంహిత ఒక్కొక్కరి వాటా తిరగరాయాలి, గోడలు అందుకు చాలవు. ఆ మాట తీసెయ్యండి. లేకపోతే మీ లైసెన్సు నేను కాపాడలేను."

ఆమె గొంతు మారలేదు. "తీయను సార్. పూత మందాన్ని ఇకమీదట మనుషుల్ని బట్టి లెక్కిద్దాం. ఇన్నాళ్లూ పూతను బట్టి మనుషుల్ని లెక్కించాం."

అంతలో స్వరమాపి తెర తెల్లబడింది. సుధేష్ణ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ సంహిత హెచ్చరించింది, నిరాకరించింది, కేటాయించింది. ఎవరినీ ఏదీ అడిగింది లేదు. ఇప్పుడు తెర మీద ఒకే ప్రశ్న నిలిచింది: శ్రోత అంటే ఎవరు? దాని కింద ఖాళీ గడి.

అదే ప్రశ్న వసంతరావు ముందూ తెరుచుకున్నట్టుంది. ఏమీ రాయొద్దని, మండలి సమావేశమయ్యేదాకా ఆగమని కంగారుగా చెప్పాడు. సుధేష్ణ మోకాళ్ల మీద కూర్చుని, తెరను లిఖిత వైపు తిప్పి పట్టుకుంది. అమ్మాయి ప్రశ్న చదివింది. నేల ఇంకా సన్నగా అదురుతోంది. ఒకసారి తండ్రివైపు చూసి, చూపుడు వేలితో ఒక మాట రాసింది.

"ఏం రాశారు?" అన్నాడు వసంతరావు.

"'నేను' అని రాసింది సార్."

"అది నిర్వచనం కాదు."

"సంహిత తీసుకుంది," అంది సుధేష్ణ.

నగరమంతటా, వినలేరని సున్నాతో మూసేసిన మనుషుల గడులు తెర మీద ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటున్నాయి.